మన పేరు మనమే కొట్టేసుకోవద్దు



సంచికకు ఏదైనా రాసియ్యమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ముందు అంబేద్కర్ గారి మీద రాద్దామనుకున్నాను. ఆయన మీద మన సంచికలో ఏటా మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అందుకని ఆయన ఇచ్చిన హక్కును వాడుకోవడంలో మనం చేస్తున్న ఒక పొరపాటు గురించి రాస్తే ఎక్కువ ఉపయోగం అనిపించింది. నీట్ రాసిన మన బై.పి.సి. విద్యార్థులు ఏయే వైద్య కళాశాలలకు ఆప్షన్లు పెట్టుకోవాలో నిర్ణయించుకునే దగ్గర ఆ పొరపాటు జరుగుతోంది.

ఆ పొరపాటు నేనూ చేశాను కాబట్టి ముందు నా సంగతే చెబుతాను.

నాది ఎగుడుదిగుడు చదువు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్ మొదటి సంవత్సరంలో భౌతికశాస్త్రం తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాను. రెండో సంవత్సరంలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం బాగా రాశాను. నీట్‌లో అర్హత మార్కులు దాటాను, ర్యాంకు వచ్చింది. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. అమ్మానాయనలు చెరకు కొట్టే పనికి పోయేవారు. కౌన్సెలింగ్ అంటే ఏమిటని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. "సప్లిమెంటరీ పాసైనోళ్ళను సర్టిఫికెట్ల కాడనే వాపస్ పంపిస్తరు" అని బస్టాండులో ఒక తెలిసినాయన అన్నాడు. నేను నమ్మాను. కౌన్సెలింగ్‌కు దరఖాస్తే చేయలేదు.

డిగ్రీలో చేరిన తర్వాత ఒకరోజు ఊరికే నిబంధనలు చదివాను. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి 40 శాతం మార్కులు ఉండాలని అప్పటి నిబంధన. ఆ సబ్జెక్టులతో పాటు ఇంగ్లీషు కూడా పాసై ఉండాలి. సప్లిమెంటరీలో పాసైతే పనికిరారు అని ఎక్కడా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దరఖాస్తు చేసి ఉంటే సీటు వచ్చేదని నేను అనడం లేదు. వచ్చేదో రాదో తెలుసుకునే అవకాశాన్నే వదులుకున్నాను. ఈ రోజు పీజీ చదువుతున్నాను, దాని గురించి నాకు చింత లేదు. కాని నన్ను వద్దన్నది ఏ కళాశాలా కాదు, నేనే. ఇన్నేళ్ళయినా మనసులో ముల్లులా గుచ్చుకునేది అదొక్కటే.

తమ్ముళ్ళూ, నా అభిప్రాయం ఒక్క మాటలో ఇది. ఎగుడుదిగుడు మార్కులు ఉన్న విద్యార్థికి కౌన్సెలింగ్ చేసే అన్యాయం కన్నా, తనకు తాను చేసుకునే అన్యాయమే ఎక్కువ. జాబితాలో మన పేరును ఇంకెవరూ కొట్టేయకముందే మనమే కొట్టేసుకుంటున్నాం.

అసలు ఏ మార్కులు లెక్కలోకి వస్తాయో ముందు తెలుసుకోవాలి. మన అన్నలు ఎంసెట్ రాసిన రోజుల్లో 2009 నుంచి ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. అప్పుడు ఇంటర్‌లో తగ్గితే ర్యాంకు కిందికి జారేది. ఆ రోజుల మాటనే ఊళ్ళో ఇప్పటికీ చెబుతున్నారు. మన రాష్ట్రంలో 2017 నుంచి ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలు నీట్ ర్యాంకు మీదనే జరుగుతున్నాయి. 2025 నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో బయాలజీ ఒక్కటే 90 ప్రశ్నలు, అంటే సగం. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందు బయాలజీ మార్కులు చూస్తారు. పదో తరగతి గ్రేడు, ఇంటర్ శాతం, ఎన్నో సారి రాశావు, మధ్యలో ఎన్నేళ్ళు ఖాళీగా ఉన్నావు అనేవి ర్యాంకులోకి రావు. పై వయసు పరిమితిని కూడా 2022లో తీసేశారు. కూలికి పోయి రెండేళ్ళ తర్వాత మళ్ళీ రాసినవాడికీ, ఇప్పుడే ఇంటర్ ముగించినవాడికీ ఒకటే జాబితా.

అమెరికా వంటి దేశాల్లో పద్ధతి వేరు. అక్కడ వైద్య కళాశాలకు దరఖాస్తు చేసేవారు డిగ్రీ మార్కులు, పరీక్ష స్కోరు, వ్యాసాలు, సిఫారసు లేఖలు అన్నీ పంపాలి. తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. ఒక ఏడాది మార్కులు ఎందుకు తగ్గాయో అక్కడ చెప్పుకోవచ్చు. దరఖాస్తు చేసే ప్రతి కళాశాలకూ డబ్బు కట్టాలి కనుక ఎన్నింటికి పంపాలో లెక్క చూసుకుంటారు. మన దగ్గర మన కష్టం చెప్పుకునే చోటు లేదు. అది లోటే. అయితే మన సప్లిమెంటరీ గురించి అడిగేవారు కూడా లేరు. జాబితాలో ఇంకొక కళాశాల చేర్చినందుకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టనక్కరలేదు. అటువంటప్పుడు జాబితాను మనమే కత్తిరించుకోవడం ఎందుకు?

కొందరికి ఇంకొక భయం ఉంది. "పైన గాంధీ, ఉస్మానియా పెడితే కింది కాలేజీ కూడా పోతదన్నా" అంటారు. పోదు. వెబ్ ఆప్షన్లలో సీటు ఎలా ఇస్తారో తెలిస్తే ఈ భయం ఉండదు. కంప్యూటరు ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ జాబితాను పై నుంచి కిందికి చూస్తుంది. మొదటిదానిలో నీ కేటగిరీకి సీటు లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. నువ్వు పదిహేనో స్థానంలో పెట్టిన కళాశాలలో సీటు ఉంటే అది నీకే వస్తుంది. దానిని మొదటి స్థానంలో పెట్టుకున్నా నీకన్నా వెనక ర్యాంకు ఉన్నవాడికి అది పోదు. కాబట్టి వరుస పెట్టేటప్పుడు "నాకు ఏది వస్తుంది" అని ఆలోచించవద్దు, "నాకు ఏది ఎక్కువ ఇష్టం" అని ఆలోచించాలి. వచ్చేదీ రానిదీ ర్యాంకు చూసుకుంటుంది.

మన హాస్టల్ తమ్ముడు ఒకడు మొదటి విడతలో నాలుగే కళాశాలలు పెట్టాడు. నాలుగూ హైదరాబాదు, వరంగల్ వైపు పేరున్నవి. ఒక్కటీ రాలేదు. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. "ఇంటర్‌లో మార్కులు లేవు కద అన్నా, అందుకే రాలె" అన్నాడు. ఇంటర్ మార్కులకూ దీనికీ సంబంధం లేదని, జాబితా చిన్నదైందని చెప్పి రెండో విడతకు ఇద్దరం కూర్చుని రాశాం. చేరగలిగిన ప్రతి కళాశాలా పెట్టాడు. ఒక కొత్త జిల్లా కళాశాలలో సీటు వచ్చింది. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని సెలవులకు ఊరికి వస్తుంటే వాళ్ళమ్మ ఆ కోటును ఎవరినీ ముట్టుకోనివ్వదు.

మన జహీరాబాద్ ప్రాంతపు ఎర్రనేలల్లో అమ్మలు ఒక్క పంటనే నమ్ముకోరు. జొన్న, కంది, కొర్ర, అనుములు ఒకే చెలకలో కలిపి వేస్తారు. వాన ఎట్లా పడినా ఏదో ఒకటి చేతికొస్తుంది. పస్తాపూర్ పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలన్నీ ఊరేగించడం మనం చూసినదే. ఆ తెలివి మన ఇళ్ళలోనే ఉంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం మరచిపోతున్నాం.

మనవాళ్ళు సాధారణంగా మూడు రకాల కళాశాలలను వదిలేస్తున్నారు.

మొదటివి పాత పెద్ద కళాశాలలు. ఉస్మానియా మూలాలు 1846 నాటి హైదరాబాదు వైద్య పాఠశాలలో ఉన్నాయి. గాంధీ 1954లో, వరంగల్ కాకతీయ 1959లో మొదలయ్యాయి. "మనకెక్కడొస్తది" అని వీటిని రాయరు. రాకపోతే నష్టం లేదు, రాయకపోతే మాత్రం రానే రాదు.

రెండోవి కొత్త కళాశాలలు. 2014లో రాష్ట్రం ఏర్పడేనాటికి తెలంగాణలో 5 ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉండేవి. ఇప్పుడు 30కి పైగా ఉన్నాయి. మన ఉమ్మడి మెదక్ జిల్లాలో 2018కి ముందు ప్రభుత్వ వైద్య కళాశాల ఒక్కటి కూడా లేదు. సిద్దిపేటలో 2018లో, మన సంగారెడ్డిలో 2022లో 150 సీట్లతో, మెదక్‌లో 2024లో 50 సీట్లతో వచ్చాయి. "కొత్త కాలేజీల ఏముంటది" అని కొందరు తీసిపారేస్తారు. లోపాలు లేవని నేను చెప్పను. అధ్యాపకుల కొరత వంటి విషయాల్లో 2025లో జాతీయ వైద్య కమిషన్ మన రాష్ట్రంలోని పలు ప్రభుత్వ కళాశాలలకు నోటీసులు ఇచ్చింది. కాని వాటి సిలబస్, పరీక్ష, పట్టా అన్నీ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానివే. జిల్లా ఆసుపత్రికి వచ్చే రోగులు మన ఊళ్ళ నుంచి వచ్చేవారే. చేరిన తర్వాత అధ్యాపకులు కావాలని అడగవచ్చు, పోరాడవచ్చు. చేరకుండా ఇంట్లో కూర్చుంటే అడిగే హక్కు కూడా ఉండదు.

మూడోవి ప్రైవేటు కళాశాలల కన్వీనర్ సీట్లు. ప్రైవేటు అనగానే లక్షలు అని భయపడి మనవాళ్ళు పేరు కూడా చూడరు. ప్రైవేటు కళాశాలల్లో కూడా సగం సీట్లు కన్వీనర్ కోటాలో, ర్యాంకు మీద, రిజర్వేషన్‌తో ఇస్తారు. వాటి ఫీజు వేరు, 'బి' కేటగిరీ ఫీజు వేరు. 'బి' కేటగిరీ ఏడాదికి 10 లక్షలు దాటుతుంది. ఆ వైపు మనం పోనవసరం లేదు. కన్వీనర్ సీటుకు అర్హులైనవారికి ఉపకార వేతనం కింద ఫీజు వస్తుంది. అయితే హాస్టల్, మెస్, ఇతర ఖర్చులు ఎంతో ముందుగానే అక్కడ చదివే సీనియర్లను అడగాలి. ఉపకార వేతనం ఆలస్యమైతే ఎవరు ఆదుకుంటారో ఇంట్లో మాట్లాడుకోవాలి. అందుకే ప్రభుత్వ కళాశాలలన్నీ పైన పెట్టి, ఆ తర్వాత ఇవి పెట్టుకోవాలని నా సలహా.

అంచనాకు మార్కులు చూసుకోవద్దు, ర్యాంకు చూసుకోవాలి. 2024 నీట్‌లో తుది ఫలితాల్లో కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686. పేపరు కష్టాన్ని బట్టి మార్కులు ఇంతలా మారుతుంటే "పోయినేడు ఫలానా అన్నకు ఇన్ని మార్కులకు సీటొచ్చింది" అనే లెక్క పనికిరాదు. విశ్వవిద్యాలయం ప్రతి విడత తర్వాత ఏ ర్యాంకుకు, ఏ కేటగిరీలో, ఏ కళాశాల వచ్చిందో జాబితా పెడుతుంది. కిందటేటి జాబితాలో మన కేటగిరీ చివరి ర్యాంకు చూసుకోవాలి. అర్హత మార్కులను చూసి మురిసిపోవద్దు కూడా. 2025లో ఎస్సీ విద్యార్థికి అర్హత 113 మార్కులు. అది కౌన్సెలింగ్ తలుపు తెరిచేది మాత్రమే, సీటు ఇచ్చేది కాదు. తక్కువ ర్యాంకు వస్తే అదే నీట్ ర్యాంకుతో బి.డి.ఎస్., ఆయుర్వేదం, హోమియో, యునానీ కోర్సులు ఉన్నాయి. వాటి దరఖాస్తు తేదీలను కూడా చూసుకోవాలి.

మనది సరిహద్దు ప్రాంతం కనుక ఇంకొక సంగతి. బీదర్ మనకు సంగారెడ్డి కన్నా దగ్గర. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల మనకు అందుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది. కాని అది కర్ణాటకది. మనం దానిని రాష్ట్ర కౌన్సెలింగ్‌లో పెట్టలేం. దేశంలోని ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా కింద ఢిల్లీ నుంచి వేరే కౌన్సెలింగ్ ద్వారా ఇస్తారు. బీదర్ అయినా, మన బీబీనగర్ ఎయిమ్స్ అయినా ఆ కౌన్సెలింగ్‌లోనే పెట్టుకోవాలి. ఎయిమ్స్‌లోనూ ఎస్సీలకు 15 శాతం ఉంది, ఫీజు చాలా తక్కువ. మనవాళ్ళలో చాలామంది ఈ రెండో కౌన్సెలింగ్‌కు దరఖాస్తే చేయడం లేదు. చేసేటప్పుడు డీమ్డ్ విశ్వవిద్యాలయాల గడి నొక్కితే డిపాజిట్ లక్షల్లోకి పోతుంది. అది నొక్కకుండా అఖిల భారత కోటా మాత్రమే ఎంచుకోవాలి.

ఇంటర్ కోసం బీదర్‌కో, మరో రాష్ట్రానికో పోయే తమ్ముళ్ళు కూడా జాగ్రత్తపడాలి. తెలంగాణలో స్థానికుడిగా లెక్కించాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు వరుసగా ఇక్కడే చదివి ఉండాలని 2024లో నిబంధన వచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. మంచి కోచింగ్ అని సరిహద్దు దాటితే సొంత రాష్ట్రంలోనే పరాయివారం కావచ్చు. పదో తరగతి తమ్ముళ్ళు దీనిని ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

సర్టిఫికెట్ల విషయం. మనం బడులు మారుతూ చదివినవాళ్ళం. 6వ తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఒక్క బడి సర్టిఫికెట్ లేక పరుగులు పెట్టినవాళ్ళు మనలో ఉన్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది. మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 9 శాతం, మూడో గ్రూపుకు 5 శాతం. కుల ధ్రువీకరణ పత్రంలో మన గ్రూపు ఉందో లేదో వేసవి సెలవుల్లోనే చూసుకుని, లేకపోతే కొత్తది తీసుకోవాలి.

నా మాటకు ఎదురు చెప్పేవారు ఉన్నారు. "అన్నీ పెట్టుమంటే ఎక్కడో మారుమూల పడుతది, అప్పుడు పోకపోతే ఎట్లా?" అంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. సీటు వచ్చి చేరకపోతే తర్వాతి విడతల్లో అర్హత పోయే నిబంధనలు ఉంటాయి. అందుకే నేను "అన్నీ పెట్టు" అనడం లేదు, "చేరగలిగినవన్నీ పెట్టు" అంటున్నాను. ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, "ఇదొక్కటే వస్తే రేపు పెట్టె సర్దుకుని పోతానా?" అని అడుగు. పోతాను అంటే పెట్టు. పోను అంటే తీసేయి. ఆసిఫాబాద్ ఒక రాత్రి ప్రయాణం కావచ్చు. కాని ఐదో తరగతి నుంచి ఇల్లు వదిలి హాస్టల్‌లో ఉన్నవాళ్ళం, దూరానికి మనం భయపడతామా? దూరం వల్ల కాక, సిగ్గు వల్ల, పుకార్ల వల్ల ఏ పేరునూ తీసేయవద్దు. ఒక విడతలో చేరిన తర్వాత రెండో విడతకు మళ్ళీ ఆప్షన్లు పెడితే, ఉన్నదానికన్నా ఎక్కువ ఇష్టమైనవే పెట్టాలి. పైది వస్తే పాతది వెంటనే పోతుంది.

చివరిగా ఒక విన్నపం. వార్డెన్ సార్‌కు, అన్నలకు, తమ్ముళ్ళకు అందరికీ. నీట్ ఫలితాలు వచ్చిన వారంలో మన హాస్టల్‌లో ఒక రాత్రి ఆప్షన్ల కోసం కేటాయిద్దాం. కిందటేటి జాబితా, ఆ ఏటి ప్రకటన ముద్రించి గోడకు అంటిద్దాం. నిబంధనలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి ఈ వ్యాసాన్ని కూడా నమ్మకుండా ఆ ప్రకటననే గట్టిగా చదువుదాం. వైద్య కళాశాలల్లో చదివే మన తమ్ముళ్ళు ఆ రాత్రి వచ్చి కూర్చోవాలి. నేను కూడా తప్పకుండా వస్తాను. ఏ ఒక్కడూ ఇంటర్నెట్ సెంటరులో ఒంటరిగా, పక్కవాడి మాట విని ఆప్షన్లు పెట్టకూడదు. బస్టాండులో విన్న ఒక్క మాట నా దారి మార్చింది. మన హాస్టల్‌లో ఇంకెవరికీ అలా జరగకూడదు.

తమ్ముళ్ళూ, మార్కుల మెమోలో ఎత్తుపల్లాలు ఉంటే అవి మనం ఎక్కి వచ్చిన దారి గుర్తులు. వాటిని చూసి సిగ్గుపడవద్దు. మనల్ని కాదనే పని నిబంధనలకు వదిలేద్దాం. ఆ పని మనం మాత్రం చేయవద్దు.

జై భీమ్.